పరిశుద్ధ దేశానికి టికెట్టు

క్రీస్తుశకం 333లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం నుంచి ఒక యాత్రికుడు యెరూషలేముకు బయలుదేరాడు. తన పేరు ఎక్కడా రాసుకోలేదు. రాసుకున్నదల్లా దారి లెక్క: ఏ ఊరికి ఎన్ని మైళ్లు, గుర్రాలు ఎక్కడ మార్చుకోవాలి, రాత్రికి ఎక్కడ దిగాలి. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య మజిలీ మజిలీకీ రాసుకున్న దినచర్య చదివినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే బోర్డో యాత్రికుడికి వీరాస్వామయ్యకున్న మాటకారితనం లేదు. పరిశుద్ధ దేశంలో అడుగుపెట్టాకే ఆయన కలం కాస్త కదిలింది. యెరికోలో జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు చూపించారని రాశాడు. మృత సముద్రం దగ్గరికి వచ్చేసరికి ఇంకొంచెం హుషారొచ్చింది. నీళ్లు పరమ చేదనీ, అందులో చేపా లేదు పడవా లేదనీ, ఈదుదామని దిగినవాణ్ని ఆ నీరే తిప్పేస్తుందనీ రాశాడు. తాను దిగి చూశాడో, ఒడ్డున నిలబడి ఎవరో చెప్పింది విన్నాడో మాత్రం చెప్పలేదు.

క్రైస్తవులు పరిశుద్ధ దేశానికి చేసిన యాత్రల్లో మనకు దక్కిన మొదటి వృత్తాంతం ఇదే. అందులోనే ఈత ముచ్చట కూడా ఉంది.

ఇవాళ యెరూషలేము వెళ్లొచ్చినవాళ్ల ఫోనులో ఫొటోలు చూస్తే కొన్ని సమాధి రాతి మీద తల ఆనించినవి, కొన్ని మృత సముద్రం నీళ్ల మీద వెల్లకిలా తేలుతూ పేపరు చదువుతున్నవి. రెండో రకం చూసి ‘ఇది యాత్రా, టూరా?’ అని నొసలు చిట్లించే పెద్దలు ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఆ ప్రశ్న వాళ్లు పుట్టించింది కాదు, పదహారు వందల ఏళ్ల నాటిది. ఈ దారిలో నడిచినవాళ్లు రాసిపెట్టిన పుస్తకాలు తిరగేస్తే తెలిసేదేమిటంటే, మోకరించడం, సేదతీరడం, బేరమాడడం ఈ మూడూ మొదటి నుంచీ ఒకే సంచిలో ప్రయాణం చేశాయి.

బోర్డో యాత్రికుడు వెళ్లేనాటికి ఆ దేశంలో కట్టడాల పని జోరుగా సాగుతోంది. చక్రవర్తి కాన్‌స్టంటైన్ తల్లి హెలెనా అంతకు కొద్ది ఏళ్ల ముందే అక్కడికి వెళ్లివచ్చింది. గొల్గొతా దగ్గర చక్రవర్తి కట్టించిన మహాలయాన్ని 335లో ప్రతిష్ఠించారు. రాజాజ్ఞతో లేచిన ఆలయాలు, రాజ్యం వేసిన రోడ్లు, రోడ్ల వెంట విడుదులు ఉండబట్టి యాత్ర సామాన్యులకు కాకపోయినా స్తోమత ఉన్నవాళ్లకు అందుబాటులోకి వచ్చింది.

అలా వచ్చినవాళ్లలో ఎక్కువ ఇష్టంగా చదివించేది ఎగేరియా అనే స్త్రీ. 380ల తొలి ఏళ్లలో పడమటి దేశం నుంచి వచ్చి, చూసినదంతా ఇంటి దగ్గరున్న సోదరీమణులకు ఉత్తరంగా రాసింది. ఆ రాతప్రతి ఇటలీలోని అరెజ్జోలో 1884లో దొరికింది, అదీ మొదలూ చివరా లేకుండా. సీనాయి పర్వతం చుట్టూ తిరిగి ఎక్కే దారి కాదనీ, గోడ ఎక్కినట్టు నిట్టనిలువుగా ఎక్కాలనీ ఆయాసపడుతూనే, పైన సన్యాసులు తమ తోటలో కాసిన పండ్లు చేతిలో పెట్టారని మురిసిపోయింది. దారి ప్రమాదమైన చోట రోమన్ సైనికులు కాపలాగా నడిచారు. యెరూషలేములో మట్టల ఆదివారం నాడు పిల్లలు ఖర్జూర మట్టలు, ఒలీవ కొమ్మలు పట్టుకుని కొండ దిగడం ఆమె కళ్లకు కట్టినట్టు చెప్పింది. శుభ శుక్రవారం సంగతి మరీ విచిత్రం. సిలువ మానును భక్తులు వంగి ముద్దు పెట్టుకుంటుంటే చుట్టూ పరిచారకులు కాపలా ఉండేవారట. ఎందుకంటే అంతకుముందు ఎవరో ముద్దు పెట్టుకుంటున్నట్టు వంగి, ఒక ముక్క కొరికి పట్టుకుపోయాడు! ఊరికి ఏదో ఒకటి తీసుకెళ్లాలన్న తపనకు ఇంతకంటే పాత సాక్ష్యం దొరకడం కష్టం.

అభ్యంతరాలూ అప్పుడే మొదలయ్యాయి. నిస్సాకు చెందిన గ్రెగొరీ అనే బిషప్పు 381 ప్రాంతంలో యెరూషలేము చూసివచ్చి, అక్కడికి వెళ్లినంత మాత్రాన దేవుడు దగ్గరవడని ఒక ఉత్తరంలో తేల్చేశాడు. దారిలోని సత్రాలు, వాటిలోని ప్రలోభాలు, ఆడవాళ్లను వాహనం ఎక్కించడానికీ దించడానికీ పరాయి మగవాళ్ల సాయం, ఇవన్నీ ఆయనకు గిట్టలేదు. బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ సంగతి ఇంకా తమాషా. ఆయన 386 నుంచి బేత్లెహేములోనే కాపురం. యెరూషలేములో నటులు, విదూషకులు, వేశ్యలు, సైనికులు కిక్కిరిసి ఉంటారనీ, పరలోక ద్వారం బ్రిటన్‌లో ఉన్నవాడికీ అంతే దగ్గరనీ ఒక మిత్రుడికి రాశాడు. తాను మాత్రం బేత్లెహేము వదిలి కదల్లేదు. ఆయన శిష్యురాలు పౌలా రోములో గొప్పింటి వితంతువు. ఆమె బేత్లెహేములో మఠాలతో పాటు దారి పక్కన యాత్రికులకు సత్రం కూడా కట్టించింది. మరియమ్మ, యోసేపులకు ఆ ఊళ్లో చోటు దొరకలేదన్న బాధతో కట్టించిన సత్రమది. జెరోమ్ ఉత్తరం కంటే పౌలా సత్రమే ఎక్కువమందికి ఉపయోగపడి ఉంటుంది.

570 ప్రాంతంలో ఇటలీలోని పియాచెంజా నుంచి వచ్చిన మరో పేరులేని యాత్రికుడు పక్కా సరదా మనిషి. కానా ఊళ్లో పెళ్లివిందు జరిగిన చోటని చూపించిన బల్ల మీద ఒరిగి, దాని మీద తన తల్లిదండ్రుల పేర్లు రాసి వచ్చాడు. ‘అయోగ్యుడనైన నేను’ అన్న వినయం కూడా పక్కనే ఉంది! గోడల మీద పేర్లు చెక్కే మన కుర్రాళ్లను తిట్టేముందు ఈయన్ని ఒకసారి తలచుకోవాలి. ఆయన గదరలోని వేడినీటి స్నానశాలల గురించి కూడా రాశాడు. వాటిని ఏలీయా స్నానాలు అనేవారు. కుష్ఠరోగులు స్వస్థత కోసం అక్కడికి వచ్చేవారు, వాళ్లకు ఉచిత వసతి కూడా ఉండేది.

ఆ గదర స్నానాల దగ్గర కాసేపు ఆగాలి. గలిలయ సముద్రానికి ఆగ్నేయంగా యార్మూక్ నది లోయలో ఉన్న ఆ చోటును ఇప్పుడు హమత్ గదేర్ అంటారు. రోమన్ల కాలంలో అక్కడ పెద్ద పెద్ద స్నానశాలలు లేచాయి. అయిదో శతాబ్దిలో కాన్‌స్టాంటినోపుల్ మహారాణి యుడోకియా యెరూషలేములో స్థిరపడింది. ఈ ఊటలను పొగుడుతూ ఆమె పేరిట రాసిన పద్యాన్ని అక్కడి నేల రాతిలో చెక్కించారు. తర్వాత రాజ్యం మారింది. యెరూషలేము 638 నాటికి ముస్లిం పాలనలోకి వచ్చింది. 662లో ఖలీఫా ముఆవియా పేరు మీద స్నానశాలను బాగు చేయించి, రోగుల స్వస్థత కోసం చేయించామని గ్రీకు భాషలో శాసనం వేయించారు. ఆ శాసనం మొదట్లో సిలువ గుర్తుంది. ముస్లిం ఖలీఫా పేరు, గ్రీకు భాష, క్రైస్తవుల గుర్తు ఒకే రాతి మీద! వేడినీళ్ల ముందు మతాల పట్టింపు ఎంత పలచబడిందో చెప్పడానికి చరిత్రకారుడి వ్యాఖ్య అక్కర్లేదు. ఇప్పుడు అక్కడ విహార కేంద్రం, దానితో పాటు మొసళ్ల పార్కు కూడా ఉన్నాయి.

ఆరోగ్యం కోసం ఆ నేల మీది వేడినీళ్లకు వెళ్లినవాళ్లలో బైబిలు చదివేవాళ్లకు బాగా తెలిసిన పేరు ఇంకొకటుంది. బేత్లెహేములో పసిపిల్లలను చంపించాడని మత్తయి సువార్త చెప్పే హేరోదు చివరి రోజుల్లో జబ్బుతో తీసుకుంటూ, మృత సముద్రం తూర్పు ఒడ్డున కల్లిరోయె అనే వేడినీటి ఊటలకు వెళ్లాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. వైద్యులు గోరువెచ్చని నూనెలో దించితే ప్రాణం పోయినంత పనైంది. క్రీస్తుపూర్వం 4లో యెరికోలో చనిపోయాడు. అదే జోసీఫస్ చెప్పిన మరో ముచ్చట: రోమన్ సేనాని వెస్పాసియన్‌కు మృత సముద్రంలో మనిషి మునగడన్న మాట నిజమో కాదో చూడాలనిపించింది. ఈత రానివాళ్ల చేతులు వెనక్కి కట్టించి లోతులో పడేయించాడు. అందరూ తేలారు. ఈనాటి పర్యాటకులు పేపరు పట్టుకుని చేసే ప్రయోగం అప్పట్లో ఇలా జరిగింది.

మధ్యయుగాల చరిత్ర చాలావరకు యుద్ధాల చరిత్ర. 1009లో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ పరిశుద్ధ సమాధి ఆలయాన్ని కూలగొట్టించాడు, 1099లో క్రూసేడర్లు నగరాన్ని రక్తపాతంతో పట్టుకున్నారు, 1187లో సలాదిన్ మళ్లీ గెలిచాడు. ఆ కథ చాలాచోట్ల దొరుకుతుంది. యాత్ర కథలో అసలు మలుపు యుద్ధభూమిలో రాలేదు, వెనిస్ రేవులో వచ్చింది.

పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో వెనిస్ వర్తకులు యాత్రను సరుకు చేసి అమ్మారు. ప్రభుత్వం అనుమతిచ్చిన కెప్టెన్లే యాత్రికులను ఓడ ఎక్కించాలి. సెయింట్ మార్క్ కూడలిలో ప్రభుత్వం నియమించిన గైడ్లు పరాయి దేశాల యాత్రికులకు బస, డబ్బు మార్పిడి, కొనుగోళ్లు చూపించేవారు. పోటీ కూడా అంతే. 1483లో జర్మనీలోని ఉల్మ్ నుంచి వచ్చిన డొమినికన్ సన్యాసి ఫెలిక్స్ ఫాబ్రి ఆ దృశ్యాన్ని నవ్వొచ్చేలా రాశాడు. కూడలిలో రెండు ఓడల జెండాలు ఎగురుతున్నాయి. ఒకటి అగస్టీనో కొంటారినీది, ఇంకొకటి పియెత్రో లాండోది. రెండు ఓడల మనుషులూ మా ఓడకు రండంటే మా ఓడకు రండని యాత్రికులను లాగుతూ, అవతలివాణ్ని నానా మాటలూ అంటున్నారు. ఓడ చూడ్డానికి వెళ్తే క్రీట్ ద్రాక్షారసం, అలెగ్జాండ్రియా మిఠాయిలు పెట్టి మర్యాద చేశారు. ఫాబ్రి బృందం లాండో ఓడను ఎంచుకుంది.

అంతటితో అవలేదు, లిఖితపూర్వకంగా ఒప్పందం రాసుకున్నారు. మనిషికి 40 డుకాట్లు (వెనిస్ బంగారు నాణేలు), సగం వెనిస్‌లో, సగం పరిశుద్ధ దేశపు రేవు యొప్పే చేరాక. రోజుకు రెండుపూటలా తిండి. యాత్రికుల సొంత కోళ్లకు ఓడ మీద చోటు. కెప్టెన్ స్వయంగా పుణ్యస్థలాలకు వెంట రావాలి. అక్కడ తొందరపెట్టి తరమకూడదు. ఈ చివరి షరతు ఊరికే రాలేదు. 1480లో మొదటిసారి వెళ్లినప్పుడు ఫాబ్రికి పరిశుద్ధ దేశంలో దక్కింది తొమ్మిది రోజులు. నెలల తరబడి సముద్రం మీద పడిన పాట్లకు తొమ్మిది రోజుల దర్శనం! చూసింది చూసినట్టు లేదన్న అసంతృప్తితోనే మూడేళ్లకు మళ్లీ బయలుదేరి, ఈసారి సీనాయి, ఈజిప్టు కూడా తిరిగి వచ్చాడు. ఓడ కదిలేదాకా వెనిస్‌లో వేచి ఉన్న రోజులూ వృథా పోలేదు. చర్చీలు, వాటిలోని పరిశుద్ధుల అవశేషాలు, మురానో దీవిలో గాజు పనివాళ్లు, అన్నీ చూశారు.

అప్పటికే సలహాల పుస్తకాలు కూడా వచ్చాయి. ఇంగ్లండులో ఈటన్ కాలేజీకి చెందిన విలియం వే 1458లో, 1462లో రెండుసార్లు వెళ్లొచ్చి తర్వాతివాళ్లకు జాగ్రత్తలు రాసిపెట్టాడు. ఓడలో కింది అంతస్తు తీసుకోవద్దు, ఉక్కపోత, కంపు. సెయింట్ మార్క్ దగ్గర మూడు డుకాట్లకు పరుపు, దిండ్లు, దుప్పట్లు దొరుకుతాయి, తిరిగొచ్చాక నలిగినా చిరిగినా అదే దుకాణదారు సగం ధరకు తీసుకుంటాడు. అరడజను కోళ్లకు గంప పట్టుకెళ్లండి. భక్తిపరుడైన వే గారి పుస్తకంలో ప్రార్థనలతో పాటు కోళ్ల గంప కూడా చేరింది. ఇవాళ టూర్ కరపత్రంలో ‘రాత్రికి అన్నం, పప్పు, పెరుగు గ్యారంటీ’ అని వేసుకునే నిర్వాహకుడు ఆయన దారినే నడుస్తున్నాడు. 1480లో వెళ్లిన మిలాన్ వాసి సాంతో బ్రాస్కా సలహా ఇంకా పొట్టిది. రెండు సంచులు పట్టుకెళ్లాలి, ఒకదాన్నిండా ఓర్పు, ఒకదాన్నిండా డబ్బు.

ఓర్పు సంచి యొప్పే రేవులోనే సగం ఖాళీ అయ్యేది. దిగగానే అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న మమ్లూక్ సుల్తానుల అధికారులు ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, పేర్లు రాసుకుని, రేవు పక్కన పాడుబడిన గుహల్లాంటి గదుల్లో ఉంచేవారు. లోపల దుర్గంధం. కాసేపటికే అత్తరు, పన్నీరు, ధూపం అమ్మేవాళ్లు దిగేవారు. కంపు పుట్టినచోటే పన్నీరు అమ్మకం! అక్కణ్నించి గాడిదల మీద రామ్లాకు, రామ్లాలో ఫ్రాన్సిస్కన్ మఠాధిపతి చదివి వినిపించే నియమాలకు. ఫాబ్రి లెక్కలో అవి 27. ముస్లింల సమాధుల మీద నడవొద్దు, పరిశుద్ధ స్థలాల రాళ్లు చెక్కి తీసుకెళ్లొద్దు, గోడల మీద పేర్లూ వంశ చిహ్నాలూ గీకొద్దు. నియమం ఉందంటే ఆ పని జరుగుతోందన్నమాట. పెద్దింటి యాత్రికులు చాటుగా గీకుతూనే ఉండేవారని ఫాబ్రి విసుక్కున్నాడు.

ఫ్రాన్సిస్కన్లు 1342లో పోపు అనుమతితో పరిశుద్ధ స్థలాల సంరక్షణ చేపట్టిన నాటి నుంచి పడమటి దేశాల యాత్రికులకు గైడ్లు, ఆతిథ్యం ఇచ్చేవాళ్లు వాళ్లే. రుసుము కట్టిన యాత్రికులను పరిశుద్ధ సమాధి ఆలయంలోకి పంపి, రాత్రంతా బయట తాళం వేసేవారు. లోపల ప్రార్థనలు, ఊరేగింపు, మధ్యలో నిద్ర, ఓ మూల వ్యాపారుల అంగళ్లు. ఆలయం తాళం, తలుపు బాధ్యత ఇప్పటికీ జూదే, నుసైబే అనే రెండు ముస్లిం కుటుంబాల చేతుల్లోనే ఉన్నాయి. ఆ ఆలయంలో వాటాలున్న క్రైస్తవ శాఖల మధ్య తగాదాలు చూస్తే ఈ ఏర్పాటు ఎంత తెలివైనదో తెలుస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరి ఓడలు సముద్రాన్ని చిన్నది చేశాయి. 1858లో ముర్రే, 1875లో బేడెకర్ ప్రచురణ సంస్థలు పాలస్తీనాకు గైడు పుస్తకాలు వేశాయి. ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో గైడు. 1862లో విక్టోరియా రాణి పెద్దకొడుకు యెరూషలేము వెళ్లి, చేతి మీద సిలువ పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. యాత్ర గుర్తుగా పచ్చబొట్టు అక్కడ అప్పటికే పాత ఆనవాయితీ.

1867 జూన్‌లో న్యూయార్క్ నుంచి క్వేకర్ సిటీ అనే ఓడ బయలుదేరింది. బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చివాళ్లు తలపెట్టిన ఆ విహారయాత్రకు టికెట్టు 1,250 డాలర్లు. పత్రిక ఖర్చు మీద ఎక్కిన ఒక కుర్ర విలేఖరి మార్క్ ట్వైన్. తోటి యాత్రికులు గలిలయ సముద్రం మీద పడవలో వెళ్లాలని ఏళ్లుగా కలలు గన్నారు. పడవవాడు రెండు నెపోలియన్లు, అంటే ఎనిమిది డాలర్లు, అడిగాడు. మనవాళ్లు ఒకటిస్తామని బేరం పెట్టారు. పడవవాడు మారుమాట లేకుండా తెరచాప ఎత్తి వెళ్లిపోయాడు. ఒడ్డున పరుగెత్తి రెండూ ఇస్తామని అరిచినా వెనక్కి చూడలేదు. వేల మైళ్లు వచ్చి నాలుగు డాలర్ల దగ్గర ఆగిపోయిన ఆ భక్తులను ట్వైన్ తన పుస్తకంలో ఉతికి ఆరేశాడు. అది 1869లో అచ్చయింది.

అదే 1869లో థామస్ కుక్ రంగంలోకి దిగాడు. వృత్తికి వడ్రంగి, మతానికి బాప్టిస్టు, పట్టుదలకు మద్యపాన వ్యతిరేకి. 1841 జూలై 5న లెస్టర్ నుంచి లఫ్‌బరోలో జరిగే మద్యనిషేధ సభకు మనిషికి ఒక షిల్లింగు చొప్పున కొన్ని వందలమందిని రైలెక్కించడంతో ఆయన వ్యాపారం మొదలైంది. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత నైలు నది, పాలస్తీనా కలిపి మొదటి బృందాన్ని తీసుకెళ్లాడు. బైబిలు చదివే మధ్యతరగతికి ఆ నేల చూపించాలన్నది ఆయన చిరకాల కోరిక. అయితే భక్తి పేరు చెప్పి ఎవరినీ కష్టపెట్టలేదు. గుడారాల్లో ఇనుప మంచాలు, నేల మీద తివాచీలు, వంటవాళ్లు, కంచరగాడిదలు, ముందు నడిచే దుబాసీ. పొద్దున్న కపెర్నహూము, రాత్రికి టేబుల్ మీద వరసగా వడ్డించే విందు. పాలస్తీనా ప్రయాణంలో దొంగలు, బేరాలు, భాష అనే మూడు భయాలను ఒకే టికెట్టులో చుట్టేసి పక్కన పెట్టడమే కుక్ చేసిన అసలు పని. 1882లో బ్రిటిష్ రాకుమారులిద్దరు, 1898లో జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ కూడా ఆయన కంపెనీ ఏర్పాట్లతోనే వెళ్లారు. చక్రవర్తి బండి దిగకుండా లోపలికి వెళ్లడానికి యెరూషలేములో యొప్పే గుమ్మం పక్కన కందకం పూడ్చి దారి చేశారు. 1917లో నగరాన్ని గెలిచిన బ్రిటిష్ సేనాని అల్లెన్‌బీ అదే చోట కాలినడకన లోపలికి వెళ్లి చక్రవర్తికి చురక పెట్టాడు.  

కుక్ గుడారాలు నడిచిన రోజుల్లోనే ఆ దారిలో ఏటా వేలమంది రష్యన్ రైతులు నడిచారు. వాళ్లకు తివాచీలు లేవు. ఎండు రొట్టెలు మూటగట్టుకుని, నల్ల సముద్రం ఓడల్లో కిక్కిరిసి వచ్చి, రష్యా కట్టించిన విశాలమైన సత్రాల్లో దిగేవారు. యొర్దానులో మునిగేటప్పుడు తెల్లని చొక్కా వేసుకునేవారు. దాన్ని ఆరబెట్టి ఇంటికి తీసుకెళ్లి, చనిపోయాక తమకు తొడగమని దాచుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంతో, ఆ వెనకే 1917 విప్లవంతో ఆ ప్రవాహం ఆగిపోయింది.

1892లో యొప్పే నుంచి యెరూషలేముకు 87 కిలోమీటర్ల రైలు మార్గం తెరుచుకోవడంతో గాడిదల యుగం ముగిసింది. తర్వాతి వందేళ్లలో సరిహద్దులు పుణ్యస్థలాలను కూడా అటూ ఇటూ జరిపాయి. దీనికి యొర్దాను నదే ఉదాహరణ. యేసు బాప్తిస్మం పొందాడని అనాదిగా నమ్మే చోటు యెరికోకు దగ్గర. 1967 యుద్ధం తర్వాత ఆ ఒడ్డు సైనిక ప్రాంతమైంది, చుట్టూ మందుపాతరలు. యాత్రికులు మునగాలంటే ఎక్కడ? గలిలయ సముద్రం నుంచి నది బయటపడే చోట, చాలా ఉత్తరాన, ఒక కిబ్బుట్జ్ (సామూహిక వ్యవసాయ గ్రామం) 1981లో యార్దెనీత్ అనే బాప్తిస్మ ఘట్టం తెరిచింది. మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగులు, అద్దెకు తెల్ల అంగీలు, దుకాణం, హోటలు. పాత చోటు 2011లో మళ్లీ తెరిచారు. ఎదుటి ఒడ్డున జోర్డాన్ దేశంలోని తవ్వకాల స్థలాన్ని 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవాళ రెండు ఒడ్డుల యాత్రికులు కొద్ది మీటర్ల నది మధ్యలో ఉండగా ఒకరినొకరు చూసుకుంటూ మునుగుతారు.

తెలుగువాళ్లు ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చారు. భారత్, ఇజ్రాయెల్ మధ్య పూర్తి దౌత్య సంబంధాలు 1992లో ఏర్పడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో యెరూషలేము యాత్రకు ప్రభుత్వ ఆర్థిక సాయం మొదలైంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 60,000 రూపాయలకు పెంచింది. పల్లె చర్చి నోటీసు బోర్డు దాకా కరపత్రాలు చేరాయి. ఎక్కువమంది ఎంచుకునేది మూడు దేశాల ప్యాకేజీ. జోర్డాన్‌లో నెబో కొండ, ఇజ్రాయెల్‌లో గలిలయ, నజరేతు, యెరూషలేము, పాలస్తీనా ప్రాంతంలో బేత్లెహేము, ఈజిప్టులో సీనాయి, పిరమిడ్లు, నైలు మీద పడవ షికారు. 1869లో కుక్ కలిపి అమ్మిన నైలు, పాలస్తీనా ఇప్పటికీ విడిపోలేదు. బృందానికి పెద్ద పాస్టరుగారు. కానాలో ముప్పై ఏళ్ల కాపురం చేసిన దంపతులు మళ్లీ దండలు మార్చుకుంటారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. గలిలయ మీద పడవలో జాతీయ గీతం, ఆ తర్వాత కీర్తనలు, చివరికి ఫొటోలు. తిరిగొచ్చే పెట్టెలో యొర్దాను నీళ్ల సీసా, ఒలీవ నూనె, బేత్లెహేము వడ్రంగులు ఒలీవ చెక్కతో చేసిన సిలువ.

ఈ ప్యాకేజీలో మృత సముద్రం పూట అందరికీ ఇష్టం. అయితే చాలామందికి తెలియని సంగతొకటి ఉంది. ఇజ్రాయెల్ వైపు పెద్ద హోటళ్లున్న ఏన్ బొకేక్ దగ్గర యాత్రికులు తేలేది అసలు సరస్సులో కాదు, ఖనిజాలు తీసే పరిశ్రమ దక్షిణ భాగంలో కట్టుకున్న ఆవిరి మడుగులో. అసలు సరస్సు మట్టం సముద్ర మట్టానికి 430 మీటర్లకు పైగా కిందికి పోయి, ఏటా మీటరు చొప్పున ఇంకా దిగుతోంది. యొర్దాను నీళ్లు పైనే మళ్లిపోవడం, ఖనిజాల తవ్వకం దీనికి కారణాలు. ఏన్ గెదిలో నీటి పక్కనే కట్టిన స్నాన కేంద్రానికి నీరు ఎంత దూరమైందంటే, జనాన్ని ట్రాక్టరు బండిలో ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. నేల కుంగి గుంతలు పడడంతో అక్కడి బీచిని మూసేశారు.

2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక బేత్లెహేము హోటళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఏడు అక్కడ క్రిస్మస్ సంబరాలు రద్దు చేశారు. యాత్రికుడు రాకపోతే ఆ ఊళ్లో సిలువలు చెక్కే చేతికి పని లేదు. ఈ దారి ఇంతకుముందూ చాలాసార్లు మూతపడి తెరుచుకుంది.

కాబట్టి రేపు డబ్బు కట్టబోయేవాళ్లు స్పా ఉందా, షికారు ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. ధర చూడకముందే రోజువారీ కార్యక్రమం కాగితం తెప్పించుకోండి. బాప్తిస్మం ఏ ఘట్టంలోనో, యెరూషలేముకు ఎన్ని పూటలు పెట్టారో, పరిశుద్ధ సమాధి దగ్గర వరసలో నిలబడే సమయం ఎంత వదిలారో చూడండి. ఎనిమిది రోజుల్లో మూడు దేశాలంటే సగం రోజులు బస్సుల్లో, సరిహద్దు చెక్‌పోస్టుల్లోనే గడుస్తాయి. ఒక దేశం తగ్గించి యెరూషలేముకు రెండు రోజులు కలపమని నిర్వాహకుణ్ని అడగండి. నలుగురు కలిసి అడిగితే కలుపుతారు.